బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి తెలుగు బ్లాగు మకాం మార్చడం

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు ఎక్కడో చెప్పడానికి రెండంకెలు చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఉత్తినే "పద్నాలుగో అడ్డరోడ్డు" అన్నారో, ఆటో అతను "ఏ లైనండీ?" అని అడుగుతాడు. బ్లాగర్లో రాసిన పాత తెలుగు బ్లాగుల చిరునామాలు కూడా ఇలాంటివే. మకాం మార్చేటప్పుడు లైను నెంబరు ఊడిపోతుంది. తెలుగు బ్లాగుల తరలింపు ఎక్కువగా చెడేది అక్కడే.

ఇంపోర్టర్ అనే పనిముట్టు టపాల్లోని అక్షరాలను మోసుకొస్తుంది. వ్యాఖ్యలు, లేబుళ్ళు కూడా తెస్తుంది. బొమ్మల్ని సగం సగం తెస్తుంది. చిరునామాల సంగతి మాత్రం పూర్తిగా మన పని. అందుకే కిందంతా చిరునామాల గురించి ఎక్కువ, మిగతావాటి గురించి తక్కువ ఉంటుంది. బ్లాగులో టపాలు 30 లోపే ఉంటే ఇంపోర్టర్ జోలికి పోకండి. ఒక ఆదివారం కూర్చుని చేత్తో కాపీ చేసుకుంటే శుభ్రంగా వస్తాయి. 100 దాటితే చదవండి. ఒక మాట: ఇక్కడ తెలుగు లిపిలో రాసిన ఫైలు పేర్లు, సెట్టింగులు, చిరునామాలన్నీ టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి.

కొనే ముందు

వర్డ్‌ప్రెస్ పేరుతో రెండున్నాయి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఉచిత ఖాతా తెరవొచ్చు కానీ ఉచిత ప్లాన్‌లో ప్లగిన్లు (అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రాములు) పెట్టుకోలేం, డేటాబేస్ (టపాలు దాచి ఉంచే చోటు) తెరవలేం. ఈ పద్ధతికి ఆ రెండూ కావాలి. కాబట్టి సొంత హోస్టింగ్ (బ్లాగు ఉంచుకోవడానికి అద్దెకిచ్చే సర్వర్ చోటు) తీసుకుని అందులో వర్డ్‌ప్రెస్ పెట్టుకోవడం గురించే చెబుతున్నాం.

హోస్టింగ్ వాళ్ళని అడగాల్సినవి: పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) పరిమితులు మనం మార్చుకోవచ్చా, డేటాబేస్ తెరిచి చూసే పీహెచ్‌పీ మై అడ్మిన్ ఇస్తారా, బ్లాగు సురక్షితమని బ్రౌజర్‌కి చెప్పే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఉచితంగా ఇచ్చి దానంతటదే రెన్యూ అయ్యేలా పెడతారా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు 90 రోజులకే అయిపోతాయి. చేత్తో రెన్యూ చేసుకోవాల్సి వస్తే నాలుగో నెలలో బ్లాగు తెరిచినవాళ్ళకి ఎర్రటి హెచ్చరిక కనిపిస్తుంది. మొదటి ఏడాది ధర చూసి మోసపోకండి, రెన్యువల్ ధర అడగండి.

డొమైన్, అంటే బ్లాగు సొంత చిరునామా పేరు, మీ పేరున, మీ ఈమెయిల్‌తో రిజిస్టర్ కావాలి. వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాడి ఖాతాలో ఉంటే, అతను ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోయాక మీ బ్లాగు చిరునామా తాళం అతని జేబులో ఉంటుంది.

ఇప్పటిదాకా బ్లాగ్‌స్పాట్ చిరునామాతోనే నడిపినవాళ్ళు డొమైన్ కొన్న వెంటనే వర్డ్‌ప్రెస్ వైపు పరుగెత్తొద్దు. ముందు ఆ డొమైన్‌ని బ్లాగర్‌కే తగిలించండి. సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర పేరు ఇస్తే బ్లాగర్ రెండు సీనేమ్ రికార్డులు (ఒక పేరుని ఇంకో పేరు దగ్గరికి పంపే వరసలు) చెబుతుంది. వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో పెట్టాలి. ఒకటి డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు నుంచి జీహెచ్‌ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కి, రెండోది మీ బ్లాగుకి మాత్రమే ఇచ్చే ప్రత్యేకమైన జత. ముందు డబ్ల్యులు లేని ఉత్త పేరుకి నాలుగు 'ఏ' రికార్డులు (పేరుని అంకెల చిరునామాకి కలిపేవి): 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. ఇవి పడ్డాక పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకి వచ్చిన ప్రతి ఒక్కరినీ బ్లాగరే కొత్త డొమైన్‌లోని అదే టపాకి పంపుతుంది. ఇలా రెండు మూడు నెలలు వదిలేస్తే గూగుల్ వెతుకులాటలో బ్లాగ్‌స్పాట్ పేరు పోయి మీ డొమైన్ పేరు కుదురుకుంటుంది. అప్పుడు ఇల్లు మారినా వీధి పేరు మారదు. తొందరపడి ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో చివర్లో చెబుతాం.

మూట కట్టడం

బ్లాగర్ సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్లాగ్ కింద బ్యాకప్ కంటెంట్ ఉంటుంది. అది నొక్కితే నేరుగా ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు దిగొచ్చు, లేదా గూగుల్ టేకౌట్ (గూగుల్ నుంచి మన డేటా దింపుకునే చోటు) పేజీకి తీసుకెళ్ళొచ్చు. టేకౌట్ నుంచి వచ్చే జిప్‌లో టపాలు, వ్యాఖ్యలు ఫీడ్ అనే ఏటమ్ ఫైలులో ఉంటాయి. కొన్ని ఇంపోర్టర్లు ఈ ఏటమ్ ఫైలు తీసుకోకుండా మొరాయిస్తాయి. కాబట్టి ఇంపోర్టర్ ఎంచుకునే ముందే దాని వివరాల్లో టేకౌట్ ఫైలు చదువుతుందో లేదో చూసుకోండి. థీమ్‌కి విడిగా బ్యాకప్ తీయండి. అది వర్డ్‌ప్రెస్‌కి పనికిరాదు కానీ, పక్కపట్టీలో పెట్టుకున్న లంకెలన్నీ అందులో దొరుకుతాయి.

ఆ ఫైలులో బొమ్మలు ఉండవు. ఉండేవి బొమ్మల చిరునామాలే. బొమ్మలన్నీ గూగుల్ సర్వర్లలోనే ఉంటాయి. "బ్యాకప్ తీశాను కదా" అని పాత బ్లాగునో గూగుల్ ఖాతానో తీసేసినవాళ్ళకి మిగిలేది విరిగిన బొమ్మల పెట్టెలే. టేకౌట్‌లో బొమ్మల ఆల్బమ్ కూడా టిక్ చేసి దింపుకోండి.

ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఒకే ఇంట్లోని కంప్యూటరూ, దాని పక్క సొరుగులోని హార్డ్‌డిస్కూ అలాంటి రోజున రెండు కాపీలు కావు, ఒకటే.

కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: ప్రచురించిన టపాలు, చిత్తుప్రతులు, పేజీలు, వ్యాఖ్యలు. తర్వాత వర్డ్‌ప్రెస్‌లో లెక్క సరిపోయిందో లేదో తేల్చేది ఈ కాగితమే.

లేబుళ్ళ శుభ్రత బ్లాగర్లో ఉండగానే చేయండి. "పుస్తకాలు", "పుస్తకం", "పుస్తక సమీక్ష", చివర ఖాళీ పడిన "పుస్తకాలు " అని నాలుగుంటే నాలుగు వర్గాలుగా వెళ్తాయి. టపాల జాబితాలో అన్నీ ఎంచుకుని ఒకేసారి లేబుల్ మార్చడం బ్లాగర్లో సులువు. లేబుళ్ళు వర్డ్‌ప్రెస్‌లోకి వర్గాలుగా వస్తాయి. ట్యాగులుగా కావాలంటే టూల్స్‌లో ఇంపోర్ట్ కింద మార్చే పనిముట్టు ఉంది.

యూనికోడ్ అలవాటు కాకముందు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేయించి అతికించిన వ్యాసాలు ఉంటే వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. వాటి లోపల ఉన్నది తెలుగు కాదు. తెలుగు బొమ్మ వేసే ఫాంటు తొడుక్కున్న ఇంగ్లిషు అక్షరాలు. ఫాంటు పోతే పిచ్చిగీతలు మిగులుతాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లో వేసి, ఒత్తులు, అరసున్నలు చూసుకుని దిద్దాలి. దీనికి అడ్డదారి లేదు.

దింపడం

ఇంపోర్ట్ నొక్కకముందు వర్డ్‌ప్రెస్‌లో మూడు మార్చాలి.

మొదటిది టైమ్‌జోన్. సెట్టింగ్స్‌లో జనరల్ కింద కోల్‌కతా ఎంచుకోండి. పాత బ్లాగులు కొన్నిటిలో పసిఫిక్ టైమ్ అలాగే ఉండిపోయింది. అది మనకంటే పన్నెండున్నర గంటలో పదమూడున్నర గంటలో వెనక. జూన్ 1 ఉదయం బెజవాడలో కాఫీ తాగుతూ ప్రచురించిన టపా చిరునామాలో మే నెల ఉండేది ఇందుకే. వర్డ్‌ప్రెస్ దాన్ని జూన్ కింద పెడుతుంది. పాత చిరునామా, కొత్త తేదీ కలవకపోతే కంగారుపడకండి, కారణం ఇది.

రెండోది డిస్కషన్ సెట్టింగ్స్‌లో "లింక్ చేసిన బ్లాగులకు తెలియజేయి" అన్న టిక్ తీసేయడం. లేకపోతే పదిహేనేళ్ళ నాటి లంకెలన్నిటికీ ఒక్కసారిగా పింగులు (మీ లంకె నా టపాలో ఉందని ఆ బ్లాగులకి చెప్పే కబుర్లు) వెళ్తాయి. ఈమెయిల్ చందాల ప్లగిన్ ఏదైనా ఉంటే అదీ తర్వాతే పెట్టండి. 400 టపాలకి 400 ఈమెయిళ్ళు అందుకున్న చందాదారు మళ్ళీ మీ ముఖం చూడడు.

మూడోది రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే టిక్. పని జరుగుతున్నంతసేపు అది ఉండాలి, మారిన రోజు తీసేయాలి. తీయడం మర్చిపోయి, ఆర్నెల్ల తర్వాత "గూగుల్లో నా బ్లాగు కనపడట్లేదేంటి" అని తల పట్టుకోవడం మామూలే. ఇప్పుడే కాగితం మీద రాసుకోండి.

తర్వాత ఫైలు సైజు. పీహెచ్‌పీలో మొదట్నుంచీ ఉండే అప్‌లోడ్ పరిమితి 2 ఎంబీ. యూటీఎఫ్-8 పద్ధతి యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది, ఇంగ్లిషుకి ఒకటే. ఇక్కడ గుర్తు అంటే అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. 400 టపాలు, టపాకి 600 మాటలు, మాటకి 8 గుర్తులు వేసుకుంటే ఉత్త అక్షరాలకే దాదాపు 6 ఎంబీ. దీనికి హెచ్‌టీఎమ్‌ఎల్, వ్యాఖ్యలు అదనం. ఇంగ్లిషు గైడ్లు రాసేవాళ్ళకి ఈ గోడ తగలదు, మనకి తప్పకుండా తగులుతుంది. హోస్టింగ్ ప్యానెల్లో పీహెచ్‌పీ ఆప్షన్స్ తెరిచి అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్ 64 ఎంబీ, పోస్ట్ మ్యాక్స్ సైజ్ 72 ఎంబీ పెట్టండి. రెండోది మొదటిదానికంటే పెద్దది కాకపోతే మొదటిది పెంచినా ఉపయోగం లేదు. మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ 30 సెకన్లుంటే 300 చేయండి. ఫైలు పెద్దదని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మధ్యకి కోయకండి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక ట్యాగు తెగితే ఫైలంతా చదవదు.

ఇప్పుడు టూల్స్, ఇంపోర్ట్, బ్లాగర్, ఇన్‌స్టాల్ నౌ, రన్ ఇంపోర్టర్. ఫైలు ఇచ్చి, రచయిత పేరు మీ ఖాతాకి జత చేసి, వదిలేయండి. మధ్యలో పేజీ రీఫ్రెష్ కొట్టొద్దు. మొదటిసారి దింపింది అసలు కాపురం అనుకోవద్దు. అది ట్రయలే. తప్పులు చూసుకుని, అంతా చెరిపేసి, మళ్ళీ దింపడానికి సిద్ధంగా ఉండండి.

అయ్యాక కాగితం తీసి నాలుగు అంకెలూ పోల్చండి. వ్యాఖ్యలు బాగా తగ్గితే, పాత టపాల్లో గూగుల్ ప్లస్ వ్యాఖ్యలు వాడారేమో గుర్తుచేసుకోండి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడినప్పుడే అవి పోయాయి, ఇంపోర్టర్ తప్పు కాదు. బ్లాగర్లోని ఫాలోయర్ల జాబితా కూడా రాదు.

అక్షరాలు చెడితే

చెడడంలో రెండు రకాలున్నాయి. తేడా తెలుసుకోకుండా దిద్దడం మొదలుపెడితే ఉన్నదీ పోతుంది.

తెలుగు ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, మళ్ళీ అదే 'ఏ'... ఇలా వరసగా వస్తే మీ తెలుగు క్షేమంగానే ఉంది. మూడు బైట్ల అక్షరాన్ని ఎవరో మూడు వేరు వేరు అక్షరాలుగా చదివారు, అంతే. డేటాబేస్ అక్షరమాల తెలుగు పట్టని పాత లాటిన్1గా ఉండిపోతే ఇది జరుగుతుంది. డేటాబేస్‌ని, టేబుళ్ళని యూటీఎఫ్8ఎమ్‌బీ4లో ఉండేలా మళ్ళీ సృష్టించి, మళ్ళీ దింపితే సరిపోతుంది.

తెలుగు చోట ప్రశ్నార్థకాల వరస వస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే. ఆ డేటాబేస్‌లో ఇక ఏమీ లేదు, దిద్దడానికి కూర్చోకండి. చెరిపేసి బ్యాకప్ ఫైలు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

అక్షరాలు సరిగ్గా ఉండి రూపం మాత్రం టపాకో రకంగా ఉంటే దోషం సాధారణంగా వర్డ్‌లో రాసి అతికించడం వల్ల వచ్చింది. అలా అతికించిన టపాల్లో "గౌతమి" ఫాంటు పేరు, సైజు ప్రతి పేరాలోనూ దాక్కుని ఉంటాయి, మీ కొత్త థీమ్ మాట వినవు. బెటర్ సెర్చ్ రీప్లేస్ ప్లగిన్‌తో వాటిని తీసేయొచ్చు. ముందు డ్రై రన్ టిక్ పెట్టి ఎన్ని చోట్ల మారుతుందో చూడండి, ఆ తర్వాతే అసలుది. పద్యాలు, కవితలు రాసిన టపాలు నాలుగైదు తప్పకుండా తెరిచి చూడండి. పాత టపాని వర్డ్‌ప్రెస్ ఎడిటర్ వాడే బ్లాకుల్లోకి మార్చినప్పుడు నాలుగు పాదాల పద్యం ఒక్క పేరాగా ముద్దయిపోయే ప్రమాదం ఉంది.

ఫాంటుకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి చాలా ఉన్నాయి. మన ఊరి పేరుతో హింద్ గుంటూరు కూడా ఉంది, చిన్న సైజులో కూడా కళ్ళకి హాయిగా ఉంటుంది. ఏది పెట్టినా వరసల ఎత్తు 1.7 కంటే తగ్గించకండి. ఇంగ్లిషు కోసం చేసిన థీముల్లో అది 1.4 దగ్గరుంటే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని గుద్దుకుంటాయి. శీర్షికలకి అక్షరాల మధ్య ఎడం పెట్టే థీమ్ అయితే ఆ ఎడం సున్నా చేయండి.

బొమ్మలు

ఇంపోర్టరో, బయటి బొమ్మల్ని దింపే ప్లగినో బొమ్మల్ని మీ సర్వర్లోకి తెచ్చిందని చెప్పినా నమ్మకండి. బ్లాగర్ బొమ్మల చిరునామా మధ్యలో ఎస్320, ఎస్400, ఎస్1600 అన్న ముక్క ఉంటుంది. అది బొమ్మ ఎంత పెద్దదిగా పంపాలో చెప్పే అంకె. టపాలో కనిపించేది ఎస్320 చిన్న బొమ్మ, దాని మీద నొక్కితే తెరుచుకునేది ఎస్1600. ప్లగిన్ చిన్నదాన్ని మాత్రమే దింపితే, ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం 320 చుక్కల వెడల్పు తపాలా బిళ్ళంత అవుతుంది. దింపకముందే ఆ ముక్కల్ని ఎస్0 అని మార్చితే అసలు సైజు వస్తుంది.

పాత టపాల్లో ఎస్1600 తర్వాత చిన్న గీత, హెచ్ ఉన్న లంకెలు కనిపిస్తాయి. అవి చూడ్డానికి జేపీజీలా ఉన్నా బొమ్మలు కావు. బొమ్మని చూపించే ఒక వెబ్ పేజీని ఇస్తాయి. ప్లగిన్ ఆ పేజీని జేపీజీ పేరుతో దాచుకుంటుంది. మీడియా లైబ్రరీలో బూడిదరంగు పెట్టెలు, ఒక్కోటి కొద్ది కేబీలే ఉంటే కారణం ఇదే. ఆ గీతనీ హెచ్‌నీ సెర్చ్ రీప్లేస్‌తో తీసేసి మళ్ళీ దింపండి.

అంతా అయిందో లేదో తెలియాలంటే, టపాల్లో బీపీ డాట్ బ్లాగ్‌స్పాట్, గూగుల్‌యూజర్‌కంటెంట్ అన్న మాటల కోసం డ్రై రన్ వేయండి. సున్నా వచ్చేదాకా బొమ్మల పని పూర్తి కానట్టే.

చిరునామాలు

టపా పేరులోని ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో బ్లాగర్ చిరునామా తయారుచేస్తుంది. పేరు మొత్తం తెలుగైతే దాని చేతికి ఏమీ దొరకదు కాబట్టి "బ్లాగ్-పోస్ట్" అని పెట్టేస్తుంది. అదే నెలలో రెండోది రాస్తే "బ్లాగ్-పోస్ట్" తర్వాత అండర్‌స్కోర్, ఒక అంకె. వచ్చే నెల మళ్ళీ ఉత్త "బ్లాగ్-పోస్ట్". కస్టమ్ పెర్మాలింక్ (మనమే రాసుకునే టపా చిరునామా) వాడనివాళ్ళ బ్లాగులో 2008/03లో ఒక బ్లాగ్-పోస్ట్, 2008/04లో ఇంకోటి, అలా ఎన్ని నెలలు రాస్తే అన్ని.

బ్లాగర్‌కి ఇబ్బంది లేదు, సంవత్సరం, నెల చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ అలా కాదు. టపా పేరు బ్లాగు మొత్తంలో ఒక్కటే ఉండాలంటుంది, లైను నెంబరు చూడదు. బ్రాడీపేటలోని పద్నాలుగో అడ్డరోడ్లన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి 14-2, 14-3 అని కొత్త నెంబర్లు ఇచ్చినట్టు, బ్లాగ్-పోస్ట్-2, బ్లాగ్-పోస్ట్-3... బ్లాగ్-పోస్ట్-87 దాకా పేర్లు పెట్టుకుంటూ పోతుంది. అందుకే "పెర్మాలింక్ సెట్టింగ్స్‌లో సంవత్సరం, నెల, పేరు, చివర హెచ్‌టీఎమ్‌ఎల్ పెడితే పాత చిరునామాలన్నీ పనిచేస్తాయి" అని ఇంగ్లిషు గైడ్లు చెప్పే చిట్కా తెలుగు బ్లాగుకి పనికిరాదు.

ఇంతకన్నా మోసకారి విషయం ఇంకోటుంది. చిరునామా దొరకనప్పుడు వర్డ్‌ప్రెస్ 404 (అలాంటి పేజీ లేదన్న సందేశం) చూపే ముందు ఊహిస్తుంది. అడిగిన పేరుతో మొదలయ్యే టపా ఏదైనా ఆ నెలలో ఉంటే అక్కడికి పంపేస్తుంది. అన్నీ బ్లాగ్-పోస్ట్‌తోనే మొదలవుతాయి కదా! గోంగూర పచ్చడి కోసం వచ్చినవాడికి ఎన్నికల విశ్లేషణ తెరుచుకుంటుంది. పేజీ తెరుచుకుంది కాబట్టి మీరు అంతా బాగుందనుకుంటారు. పరీక్షించేటప్పుడు పేజీ తెరుచుకుందా అని కాదు, అదే టపా తెరుచుకుందా అని చూడాలి.

సరైన దారి ఒక పట్టిక. బ్లాగర్ ఇంపోర్టర్ ప్రతి టపాకీ బ్లాగర్_పెర్మాలింక్ (మధ్యలో అండర్‌స్కోర్) అనే కస్టమ్ ఫీల్డులో పాత చిరునామా దాచిపెడుతుంది. మీరు వాడిన ఇంపోర్టర్ దాచిందో లేదో ముందు చూసుకోండి. పీహెచ్‌పీ మై అడ్మిన్‌లో పోస్ట్‌మెటా టేబుల్ (టపాల అదనపు వివరాల పట్టిక) తెరిచి, మెటా కీ ఆ పేరుకి సమానంగా ఉన్న వరసల్ని మాత్రమే ఎంచి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) ఎగుమతి చేయండి. ఎక్సెల్లోనో గూగుల్ షీట్స్‌లోనో రెండు నిలువు వరసలు తయారుచేయాలి. మొదటిది పాత చిరునామా, డొమైన్ పేరు లేకుండా సంవత్సరం ముందున్న ఏటవాలు గీత (స్లాష్) నుంచి. రెండోది కొత్త చిరునామా. ఇక్కడ టపా పేరు వెతకనక్కర్లేదు. ఏటవాలు గీత, ప్రశ్నార్థకం, పీ, ఈక్వల్ గుర్తు, పక్కన టపా ఐడీ అంకె రాస్తే చాలు. ఆ ఐడీ ఇప్పుడు ఏ చిరునామాలో ఉందో వర్డ్‌ప్రెస్ తనే చూసుకుని పంపుతుంది. రేపు మీరు పెర్మాలింక్ మార్చినా పట్టిక పాడవదు.

ఈ సీఎస్‌వీని రీడైరెక్షన్ అనే ప్లగిన్‌లో ఇంపోర్ట్ చేయండి. ఫోన్లో పంచుకున్న బ్లాగర్ లంకెల చివర ప్రశ్నార్థకం, ఎమ్, ఈక్వల్, 1 తగులుకుని ఉంటాయి. అవి కూడా కలవాలంటే ప్లగిన్ సెట్టింగ్స్‌లో క్వెరీ పారామీటర్లన్నిటినీ పట్టించుకోవద్దని పెట్టాలి. ఇది మర్చిపోతే కంప్యూటర్లో అన్నీ పనిచేస్తాయి, వాట్సాప్‌లో తిరిగే లంకెలు మాత్రం తప్పిపోతాయి. పట్టికలో లేనివి మరికొన్ని చేత్తో చేర్చండి: ఫీడ్స్/పోస్ట్స్/డిఫాల్ట్ నుంచి ఫీడ్‌కి (ఫీడ్ రీడర్లు చదివే కొత్త టపాల జాబితా), పీ అనే గదిలో ఉండే పేజీలు, ఎక్కువమంది వాడే లేబుల్ పేజీలు.

కొత్త టపాల పేర్లకి వద్దాం. వర్డ్‌ప్రెస్ తెలుగు పేరుని అలాగే చిరునామాలో పెడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ లోపల ఒక్కో గుర్తుకీ శాతం గుర్తులతో కలిపి 9 స్థానాలు పడతాయి, మొత్తం గది 200. అంటే 22 గుర్తులు. "కృష్ణా పుష్కరాల్లో దుర్గమ్మ కొండ" అని పేరు పెడితే చిరునామా "కృష్ణా-పుష్కరాల్లో-దుర్గ" దగ్గర సరిగ్గా 200 నిండి ఆగిపోతుంది. దుర్గమ్మ కాస్తా దుర్గయింది, కొండ మాయమైంది. ఆ లంకెని వాట్సాప్‌లో అతికిస్తే మూడు వరసల శాతం గుర్తులు. ప్రచురించే ముందు చిరునామా పెట్టెలో రెండు మూడు ఇంగ్లిషు అక్షరాల మాటలు మీరే రాయండి. ఆ ఓపిక లేనివాళ్ళు పెర్మాలింక్ సెట్టింగ్స్‌లో అంకెల పద్ధతి ఎంచుకోండి. అందంగా ఉండదు, ఎప్పటికీ విరగదు.

మారే రోజు

ముందు రోజే డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ (పాత రికార్డుని ఇంటర్నెట్ గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకి తగ్గించండి. మారే రోజున బ్లాగర్‌కి పెట్టిన ఏ రికార్డులు, డబ్ల్యుల సీనేమ్ తీసేసి హోస్టింగ్ వాళ్ళ అంకెలు పెట్టండి. ఈమెయిల్‌కి సంబంధించిన ఎమ్‌ఎక్స్ రికార్డులుంటే వాటి జోలికి పోవద్దు. ఇంట్లో ఫైబర్ మీద ఒకసారి, ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఒకసారి తెరిచి చూడండి. ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది కనిపిస్తే మామూలే, కొన్ని గంటలు ఆగాలి. ఎస్‌ఎస్‌ఎల్ వచ్చాక, సెర్చ్ ఇంజన్ల టిక్ తీసేయండి.

బ్లాగర్ వైపు కస్టమ్ డొమైన్ సెట్టింగుని అలాగే ఉంచండి. తీసేస్తే బ్లాగ్‌స్పాట్ చిరునామాకి వచ్చేవాళ్ళని ముందుకి పంపేవాడు ఉండడు. అయితే డొమైన్ గూగుల్ సర్వర్ల నుంచి తప్పుకున్నాక, పాత బ్లాగ్‌స్పాట్ లంకె నొక్కినవాళ్ళకి "ఈ బ్లాగు ఇప్పుడు వేరే చోట ఉంది, వెళ్ళాలా?" అని అడిగే పేజీ ఒకటి బ్లాగర్ చూపిస్తుంది. మనుషులైతే నొక్కి వస్తారు. గూగుల్‌కి రెండు మూడు నెలల ముందే కొత్త డొమైన్ తెలిసిపోయింది కాబట్టి నష్టం తక్కువ. డొమైన్‌ని ముందుగా బ్లాగర్‌కి తగిలించి ఆగమన్నది ఇందుకే.

ఆగే తీరిక లేక నేరుగా బ్లాగ్‌స్పాట్ నుంచి దూకేవాళ్ళకి ఉన్నది ఒక్క జావాస్క్రిప్ట్ దారే. వేరే సైటుకి 301 (శాశ్వతంగా మారామని చెప్పే దారిమార్పు) పంపే వీలు బ్లాగర్ ఇవ్వదు. థీమ్ హెచ్‌టీఎమ్‌ఎల్‌లో హెడ్ మొదలైన వెంటనే, ఇప్పటి చిరునామాలోని పాత్‌నేమ్ (డొమైన్ పేరు తర్వాతి భాగం) తీసుకుని కొత్త డొమైన్ పేరు వెనక తగిలించి లొకేషన్ రీప్లేస్ చేసే రెండు వరసలు పెట్టాలి. అక్కడినుంచి మీ రీడైరెక్షన్ పట్టిక చూసుకుంటుంది. రీప్లేస్ బదులు మామూలుగా లొకేషన్ మారిస్తే, చదువరి వెనక్కి నొక్కినప్పుడల్లా పాత పేజీకి వెళ్ళి మళ్ళీ ముందుకి విసిరేయబడతాడు. బ్లాగర్ థీమ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ కాబట్టి స్క్రిప్టుని సీడేటాలో (లోపలిది ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా చదవొద్దని చెప్పే గుర్తుల్లో) చుట్టండి, లేకపోతే సేవ్ కాదు. మొబైల్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ థీమే చూపమని పెట్టండి, లేకపోతే ఫోన్ల మీద స్క్రిప్టు నడవదు.

బ్లాగర్ సెట్టింగ్స్‌లో సైట్ ఫీడ్ కింద పోస్ట్ ఫీడ్ రీడైరెక్ట్ అని ఉంటుంది. అక్కడ కొత్త ఫీడ్ చిరునామా ఇస్తే ఫీడ్ రీడర్లలో చదివేవాళ్ళు ఏమీ చేయకుండానే మీ వెంట వస్తారు. ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ చందాలు 2021లోనే ఆగిపోయాయి, ఆ పాత జాబితా దింపుకుని ఉంటే తప్ప ఆ చదువరుల్ని మళ్ళీ మొదట్నుంచి అడగాలి.

తర్వాతి నెల

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కొత్త సైట్‌మ్యాప్ (బ్లాగు చిరునామాల జాబితా) ఇవ్వండి. రీడైరెక్షన్ ప్లగిన్‌లో 404ల చిట్టా ఉంటుంది. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి చూసి, పదే పదే కనిపించే చిరునామాలకి ఒక్కో వరస చేర్చండి. ఏళ్ళ కిందట ఎవరో తమ బ్లాగులో ఇచ్చిన లంకెలు, మీరు మర్చిపోయిన 2008 నాటి నెలవారీ పేజీలు ఇక్కడే బయటపడతాయి. దారిమార్పుల్ని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. పట్టిక వల్ల బరువేమీ లేదు, తీయాల్సిన పనే లేదు.

పాత బ్లాగులో కొత్త వ్యాఖ్యలు ఆపేయండి. బ్లాగుని మాత్రం తీసేయొద్దు, మూసేయొద్దు. మరోటి: రెండేళ్ళు ఎవరూ వాడని ఖాతాల్ని గూగుల్ తీసేయొచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. పాత బ్లాగు ఇప్పుడు వాడని జీమెయిల్‌తో తెరిచినదైతే, సంక్రాంతికోసారి ఉగాదికోసారి ఆ ఖాతాలోకి లాగిన్ అయి రండి, రికవరీ ఫోన్ నెంబరు ఇప్పటిదే ఉందో లేదో చూసుకోండి.